దేవుడి పిడికెడు

డబ్బాలో చెయ్యి పెట్టగానే థియాంగీ వేళ్లకు ఏదో మెత్తగా, జిగటగా తగిలింది. చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది. డబ్బాను వాలుపొద్దు వెలుతురులోకి వంచి చూస్తే బియ్యం. నోట్ల మీద, నాణేల సందుల్లో, వానజల్లుకు తడిసి ఉబ్బి పులిసిన బియ్యం. ఒక గింజ పక్కన తెల్లటి పురుగు ఒళ్లు విరుచుకుంటోంది.

"ఎవరి పాడు చేతులో ఇవి!" అని నోట్లోని వక్క ఎర్రగా రోడ్డు మీదికి ఉమ్మింది.

పక్క దుకాణంలో మిగిలిపోయిన ఆవాకు కట్టలు బుట్టలో సర్దుకుంటున్న జోవా అమ్మ మెడ సాచి చూసింది.

"ఏంటి పీ థియాంగీ, డబ్బాలో పామేమైనా ఉందా?" పెద్దావిడను అక్కడ 'పీ' అంటారు, అవ్వా అన్నట్టు.

"పామైతే చంపేదాన్ని. బియ్యం."

"బియ్యమా! అయితే నీకు భూమ్మీద ఇంకా నూకలున్నాయని ఎవరో చెప్పిపోయారు."

"నవ్వు, నీకేం. మొన్నా ఇంతే. ఎవరో వెక్కిరిస్తున్నారే నన్ను."

"వెక్కిరింపు కాదులే. బోర్డు మీద నీ మనవరాలు మువానీ బొమ్మ చూసి, పిల్ల చిక్కిపోయిందని ఎవరో గింజలు వేస్తున్నారు."

థియాంగీ నవ్వలేదు. పిల్ల చిక్కిపోయిన మాట నిజమే.

ఆ కొండదారి పక్కన వెదురుతో కట్టిన దుకాణాలు వరుసగా ఉంటాయి. ఏ దుకాణంలోనూ మనిషి ఉండడు. తెల్లారగానే ఊరంతా కొండవాలు చేలల్లోకి దిగిపోతుంది. గుమ్మడికాయలకు కాపలా కూర్చుంటే కలుపు ఎవరు తీస్తారు? అందుకని మిరపకాయల పొట్లాల మీద, అల్లం కుప్పల మీద ధర రాసిన అట్టముక్క పెట్టి, పక్కన పాత పాలపొడి డబ్బా ఒకటి ఉంచి పోతారు. లారీవాళ్లు, జీపుల్లో పోయేవాళ్లు కావలసింది తీసుకుని, డబ్బాలో డబ్బు వేసి, చిల్లర రావలసి ఉంటే వాళ్లే ఏరుకుని పోతారు. థియాంగీ కాపురానికి వచ్చిననాటి నుంచీ చూస్తున్న పద్ధతి ఇది. ఆ డబ్బాలో చిరిగిన నోటు పడ్డ రోజుంది గానీ, రోత పడ్డ రోజు లేదు.

వానలు వెనకబట్టాక ఆ సంస్థవాళ్లు వచ్చినప్పటి నుంచే ఇలాంటివి మొదలయ్యాయని ఆమెకు అనిపించింది. ఢిల్లీ నుంచి వచ్చారు. పిల్లలకు మంచీ చెడూ ఎక్కడి నుంచి అబ్బుతాయో పరిశోధన చేస్తారట. దాంతోపాటు ఇలాంటి చిన్న వ్యాపారాలు పదికాలాలపాటు నిలబడే దారి కూడా చూపిస్తారట. వచ్చీ రాగానే దుకాణాలన్నిటికీ తాటాకు రంగు రేకుల కప్పులు వేశారు. థియాంగీ దుకాణం మీద పెద్ద బోర్డు ఎత్తారు. దాని మీద మువానీ బొమ్మ, పాలపళ్లు ఊడిన నోరంతా తెరిచి నవ్వుతూ. ఇక మీదట ఈ ఊరి అల్లం 'నిజాయితీ అల్లం' అని పట్నాల్లో అమ్ముతారని చెప్పారు.

"అల్లానికి నిజాయితీ ఏంటమ్మా, ఘాటుండాలి గానీ," అంది జోవా అమ్మ. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రేకులు మాత్రం వద్దనలేదు. తడిక కప్పు కన్నా రేకు మేలు కదా.

సంస్థ తరఫున వచ్చినావిడ పేరు మాళవిక. సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. మొదటిరోజు థియాంగీ వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. పొయ్యి మీద సొరబుర్రలో పులియబెట్టిన పందికొవ్వు వేసి ఆకుకూర ఉడుకుతోంది. ఆ వాసనకు ఆవిడ ముక్కు ముడుచుకోబోయి, మర్యాద గుర్తొచ్చి నవ్వుగా మార్చుకుంది. అది థియాంగీ చూసింది గానీ తప్పు పట్టలేదు. పరాయివాళ్లకు ఆ వాసన పడదు, అది లోకమెరిగిన సంగతే. ఆమె చూసి మరిచిపోలేనిది ఇంకొకటి. మువానీ తల ముద్దుగా నిమిరిన ఆ చెయ్యి, మరుక్షణం సంచిలోంచి చిన్న సీసా తీసి, వేళ్ల సందులన్నిటికీ మందునీళ్లు పట్టించింది. పిల్ల తన తలను తనే తడుముకుని చూసుకుంది, ఏమైనా అంటిందేమోనని.

మాళవిక మాటలను బడిపంతులు బియాకా తమ భాషలోకి చెప్పేవాడు. బొమ్మలున్న అట్టలు ముందు పరిచి పిల్లను ప్రశ్నలడిగారు.

"చూడు మువానీ, ఈ దుకాణంలో ఎవరూ లేరు. ఈ పిల్లాడు పండు తీసుకున్నాడు. ఎవరూ చూడటం లేదు. డబ్బు వెయ్యకపోతే తప్పా?"

మువానీకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఎవరైనా చూస్తూ ఉంటే ఇంక డబ్బా ఎందుకు సార్?" అంది.

మాళవిక గబగబా రాసుకుంది. థియాంగీకి లోపల గర్వంగానూ ఉంది, ఎందుకో భయంగానూ ఉంది. ఆమెకు ఏ సంతోషం వచ్చినా వెనక భయం కూడా వచ్చి కూర్చుంటుంది.

బియాకా ఉన్నాడన్నదే ఆమె ధైర్యం. వాడు ఆ ఊరి పిల్లాడే. పిల్లల బడిలో అక్షరాలు నేర్పేది వాడే, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తూ పాటలు నేర్పేది వాడే. కొండచరియ విరిగి దారి తెగిపోయినప్పుడు మువానీని భుజాల మీద ఎక్కించుకుని బురద దాటించినవాడు. తల్లి వెళ్లిపోయాక ఆ పిల్ల మళ్లీ నోరు విప్పింది వాడి దగ్గరే.

తల్లి వెళ్లిపోయిందంటే అది ఆమె తప్పేమీ కాదు. థియాంగీ కొడుకు రేమా ఒక వాన సాయంత్రం తాగి వచ్చి, కూరలో ఉప్పు గురించి మొదలుపెట్టి, చివరికి "నిన్ను వదిలేశాను పో" అనేశాడు. పాత కట్టుబాటు ప్రకారం మొగుడి నోటి నుంచి ఆ మాట వస్తే అంతే, ఆడది పుట్టింటికి పోవాలి, బిడ్డ తండ్రి ఇంట్లో ఉండాలి. మర్నాడు వాడికి నిషా దిగింది, మాట మాత్రం దిగలేదు. తల్లి జీపు ఎక్కే వేళకు మువానీ థియాంగీ వీపున కట్టిన గుడ్డలో నిద్రపోతోంది. "లేపకండి అత్తమ్మా," అని ఆ పిల్ల జుట్టు మీద ముఖం ఆనించి జీపెక్కింది. ఇప్పటికీ లోయలో ఎక్కడ జీపు స్టార్టయిన చప్పుడు వినిపించినా థియాంగీ చేతిలో పని ఆగిపోతుంది. రేమా లారీ తోలుతూ మైదానాల్లోనే ఉంటాడు, ఎప్పుడైనా వస్తాడు. ఇంట్లో మిగిలింది ముసలామె, మనవరాలు.

ఆ శనివారం చర్చి ఆడవాళ్లు దేవుడి బియ్యం పోగుచేసుకోవడానికి వచ్చారు. అక్కడ ఏ ఇంట్లోనైనా వంటకు బియ్యం కొలవగానే అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా బుట్టలో వేస్తారు. అది దేవుడిది. ఎంత కరువొచ్చినా, ఇంట్లో శవం లేచినా ఆ పిడికెడు తప్పదు. థియాంగీ ఇంట్లో ఆ పని మువానీది, పిడికిలి మూయడం వచ్చినప్పటి నుంచీ.

బుట్ట అందుకున్న ఆవిడ దాన్ని ఎగరేసి చూసింది. "పీ థియాంగీ, నీ పిడికిలి ఇంత చిన్నదైందేంటి? ముసలితనానికి చేతులు కుంచించుకుపోతాయా?"

మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. థియాంగీ ముఖం చిన్నబోయింది. బుట్ట అడుగు కనిపిస్తోంది. ఎలుకలో, పురుగులో అని ఏదో గొణిగి పంపించింది గానీ, ఆ క్షణంలోనే డబ్బాలోని పులిసిన బియ్యం వాసన ఆమె ముక్కుకు తగిలింది.

సాయంత్రం వంటప్పుడు ఓరకంట చూసింది. మువానీ బియ్యంలోంచి పిడికెడు తీసింది. బుట్ట మీదికి చెయ్యి చాచి, చప్పుడు కోసం నాలుగు గింజలు రాల్చింది. తక్కినవి గౌను జేబులోకి పోయాయి.

"ఆ బియ్యం డబ్బాలో వేసేది నువ్వేనా?"

పిల్ల తలదించుకుంది.

"ఎందుకే?"

"చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"ఎవరికీ." పొయ్యిలోకి చూస్తూ అడిగింది, "పీ, ఊళ్లోంచి వెళ్లగొట్టేసినవాళ్లు ఎక్కడికి పోతారు?"

థియాంగీ గరిటె పక్కన పెట్టింది. "ఎవర్ని వెళ్లగొట్టారే?"

"ఎవర్నీ కాదు. వెళ్లగొడితే మళ్లీ రానివ్వరా?"

పిల్ల తల్లి గురించే అడుగుతోందని ఆమె అనుకుంది. దారినపోయే లారీవాళ్లెవరైనా ఆ బియ్యం తీసుకెళ్లి తల్లికి ఇస్తారని ఈ పిచ్చితల్లి నమ్ముతోంది కాబోలు అనుకుంది. అలా అనుకున్నాక ఇక మందలించడానికి నోరు రాలేదు. ఆ పిడికెళ్లకు బదులు తనే దేవుడి బుట్టలో పోసి ఊరుకుంది. డబ్బాలోంచి తీసిన తడి బియ్యాన్ని మాత్రం పారెయ్యలేక కడిగి, ఎండబెట్టి, ఒక చిన్న మూకుడులో దాచింది. అన్నం విసిరెయ్యడం ఆమెకు చేతకాదు.

మువానీ మాత్రం రోజురోజుకూ ముడుచుకుపోతోంది. బడిలో బియాకా దగ్గరికి పిలిస్తే వెళ్లడం లేదట. పలకరిస్తే కళ్లనిండా నీళ్లట. రాత్రుళ్లు ఒళ్లు కాలుతోంది. థియాంగీ తడిగుడ్డ వేస్తూ, ఇంకెవరు పోతారో ఈ ఇంట్లోంచి అని వణుకుతూ కూర్చునేది.

ఒకరోజు ఊరి మైకులో చాటింపు వచ్చింది. సంస్థవాళ్ల పరిశోధన ఫలితాలు చూపిస్తారు, తల్లిదండ్రులు పిల్లలను తీసుకుని హాలుకు రావాలి, టీ ఇస్తారు.

హాలు నిండింది. గోడకు తెల్లటి తెర కట్టారు. మాళవిక ఒక ముక్క చెప్పడం, బియాకా దాన్ని తిప్పి చెప్పడం.

"మంచివాడని పిల్లలు నమ్మిన పెద్దమనిషే వాళ్ల కళ్ల ముందు తప్పు చేస్తే, పిల్లలు ఏం చేస్తారు? ఇదీ మా ప్రశ్న. దీనికి ఎంతోమంది పెద్ద చదువులవాళ్లు జవాబు వెతుకుతున్నారు. అది మన ఊళ్లో దొరికింది."

తెర మీద థియాంగీ దుకాణం కనిపించింది. కొత్త కప్పు మూలలోంచి తీసిన బొమ్మ. అక్కడ కెమెరా ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. జనంలో గుసగుసలు లేచాయి. బొమ్మలో బియాకా వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. గుమ్మడికాయ, మిరప పొట్లాలు సంచిలో వేసుకున్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి నోటు ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాడు. తలతిప్పితే మువానీ నిలబడి ఉంది, చేతిలో అల్లం బుట్టతో. వాడు వంగి, పెదాల మీద వేలుపెట్టి అన్నాడు. మాట స్పష్టంగా వినిపించింది. "ఎవరికీ చెప్పకు మువానీ. చెప్పావంటే నన్ను ఊళ్లోంచి వెళ్లగొట్టేస్తారు."

"ఒరేయ్ బియాకా!" అని ఎవరో అరిచారు.

తెర పక్కన నిలబడ్డ బియాకా రెండు చేతులూ ఎత్తి నవ్వాడు. "నటన! నటన! ఆ వస్తువుల డబ్బు మేడమ్ అప్పుడే పీ థియాంగీ డబ్బాలో వేసేశారు. చాలామంది పిల్లల ముందు ఇలాగే చేశాను."

"సినిమాల్లోకి పోరా, ఇక్కడేం చేస్తావ్!" అని ఇంకెవరో అన్నారు. హాలంతా నవ్వింది. థియాంగీకి నవ్వు రాలేదు. మెడ మీద ఏదో జెర్రి పాకినట్టయింది. ఒడిలో ఉన్న పిల్ల ఒళ్లు కర్రలా బిగుసుకుంది.

కొందరు పిల్లలు ఇంటికెళ్లి చెప్పేశారట; ఆ ఇళ్లవాళ్లకు సంస్థవాళ్లే అసలు సంగతి చెప్పి గుట్టుగా ఉంచమన్నారట. కొందరు నోరు మూసుకున్నారట. "ఒక పాప మాత్రం సార్‌ని చూసి తనూ నేర్చుకుంది," అన్నాడు బియాకా, గొంతు కాస్త తగ్గించి.

తెర మీద మువానీ. నడినెత్తి, వీపు, చిన్న చెయ్యి. అటూ ఇటూ చూసింది, డబ్బా మీదికి వంగింది, చెయ్యి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అరచెయ్యి గౌనుకు తుడుచుకుని పరుగెత్తింది. మళ్లీ ఇంకో రోజు, అదే చెయ్యి, అదే పరుగు.

"చెడు జలుబు లాంటిదట. అంటుకుంటుందట," అని బియాకా తిప్పి చెప్పాడు.

"అయ్యో, మువానీయా?" అంది జోవా అమ్మ వెనక నుంచి. నాలుకలు చప్పరించిన చప్పుడు హాలు చుట్టూ తిరిగింది. దొంగ అన్న మాట ఎవరూ అనలేదు. అనకుండానే అందరూ తలలు తిప్పి చూశారు.

థియాంగీ లేచి నిలబడింది.

"ఆపరా దాన్ని. అది తియ్యలేదు, వేసింది."

"పీ, మీరు కూర్చోండి..."

"బియ్యం వేసింది! దేవుడి పిడికెడు తీసి వేసింది. నువ్వెత్తుకుపోయినదానికి నీ బదులు అది కట్టింది. నీ పేరు బయటపడకుండా. చెప్పు ఆవిడకి. నువ్వు నటించలేని మాట ఇది, ఉన్నదున్నట్టు చెప్పు."

బియాకా మాళవిక వైపు తిరిగాడు. తడబడుతూ చెప్పాడు. మాళవిక ఒక్క క్షణం నోరు తెరిచి, రెండు చేతులూ గుండెకు హత్తుకుంది. సిగ్గుపడుతోందని థియాంగీ అనుకుంది. సిగ్గు కాదది. పరాయి పెరట్లో బంగారం దొరికినవాడి ముఖం అలా ఉంటుంది. ఆవిడ గడగడా ఏదో అంది.

"మేడమ్ చాలా సంతోషిస్తున్నారు. ఇలాంటి ఫలితం ఇంతవరకూ ఎక్కడా రాలేదట," అన్నాడు బియాకా నేల చూస్తూ.

అప్పుడు మువానీ నోరు విప్పింది. ఎన్నాళ్లకో వాడి ముఖంలోకి చూసి అడిగింది.

"సార్, మీరు దొంగ కాదా?"

"కాదు మువానీ. ఊరికే. ఆటలాగా."

"మిమ్మల్ని వెళ్లగొట్టరా?"

"ఎందుకు వెళ్లగొడతారు, పిచ్చిపిల్లా!"

పిల్ల నవ్వుతుందని అందరూ చూశారు. అది నవ్వలేదు. నుదురు ముడిచి ఆలోచించింది.

"మరి నేను?"

"నువ్వేంటి?"

"మీరు ఊరికే తీశారు. నేను దేవుడి బియ్యం నిజంగానే తీశాను కదా."

ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు. మాళవిక బియాకా చెవి దగ్గర ఏదో అడిగింది. వాడు ఒక చిన్న మాట చెప్పాడు. ఆవిడ ముఖం విచ్చుకుంది, చప్పట్లు కొట్టింది. కొట్టాలి కాబోలని వెనకవాళ్లు కొందరు కొట్టారు. థియాంగీకి ఆ భాష రాదు. అయినా తెలిసిపోయింది. ఆ పిల్ల అడిగిన మాట నిజంగా చెవినపడితే అలా నవ్వే ముఖం లోకంలో ఉండదు. పిల్ల మాట కాకుండా వాడు ఇంకేదో చెప్పాడు.

ఇంటికి వెళ్లే దారిలో పిల్లను దగ్గరికి లాక్కుని, "నువ్వెందుకు తీశావో దేవుడికి తెలుసే తల్లీ," అంది.

మువానీ తలెత్తి అడిగింది, "దేవుడూ కప్పులో కెమెరా పెట్టాడా పీ?"

మర్నాడు మాళవిక, బియాకా ఇంటికే వచ్చారు. ఆవిడ రంగుపెన్సిళ్ల పెట్టె తెచ్చింది. బియాకా గుమ్మం దాటకుండా చెప్పాడు, కెమెరా పైనుంచి తీసింది కదా, బియ్యం సరిగ్గా కనిపించలేదట, మువానీ ఇంకొక్కసారి అలాగే వేసి చూపిస్తే దగ్గర నుంచి తీసుకుంటారట. ఆ బొమ్మ చూస్తే అల్లం కూడా బాగా అమ్ముడవుతుందట.

"దేవుడి బుట్టలోంచి మళ్లీ తియ్యమంటోందా?"

"ఊరికే, పీ. ఈసారి మేమే బియ్యం ఇస్తాం."

థియాంగీ నోట్లో వక్క చేదుగా మారింది. ఆ శుభ్రమైన చేతులను చూసింది, ఆ గోళ్లను చూసింది. పందుల దొడ్లో కాలుజారి పడ్డ రోజు కూడా ఆమెకు ఇంత రోత పుట్టలేదు. ఆ రోత నీళ్లతో కడుక్కుంటే పోయింది.

"పెన్సిళ్లు తీసుకుని దిగిపొమ్మను," అంది. "నువ్వు మాత్రం ఉండు బియాకా. అన్నం తిని పో."

ఆ కొండల్లో అన్నం తినమంటే కాదనే మనిషి లేడు. వాడు లోపలికి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. మూకుడులో దాచిన బియ్యాన్ని ఆమె అప్పటికే వండి ఉంచింది. పళ్లెంలో పెట్టి, పక్కన ఆకుకూర పోసింది. వాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఎంత కడిగినా ఆ బియ్యంలో పులుపు, నాణేల చిలుము వాసన పోలేదు.

"ఎక్కడి బియ్యం పీ ఇది?"

"నీదే. నీ పేరున ఈ పిల్ల కట్టింది. తిను."

మువానీ గోడకానుకుని చూస్తోంది. వాడు తల వంచుకుని ముద్ద తర్వాత ముద్ద మింగాడు.

"బడి పైకప్పు వేస్తామన్నారు పీ," అన్నాడు మధ్యలో. "వానకి పిల్లలు తడుస్తున్నారు. మంచికే కదా అని ఒప్పుకున్నాను. వాళ్లు రాసిచ్చినట్టు చేశాను."

"వెళ్లగొడతారని అన్నావే, ఆ మాట కూడా రాసిచ్చారా?"

వాడు ఇంకో ముద్ద కలపసాగాడు.

"రాసిచ్చారా అని అడుగుతున్నాను."

"లేదు. 'ఎవరికీ చెప్పకు' అన్నంతవరకే రాశారు. అది... నేనే కలిపాను. సహజంగా ఉంటుందని."

"ఈ పిల్ల దగ్గరా? దీని తల్లి సంగతి తెలిసీనా?"

వాడు పళ్లెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు. పందుల దొడ్డి వెనక వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పందులు దాన్ని చప్పరిస్తున్న చప్పుడు. థియాంగీ ముఖం తిప్పుకుంది. తిప్పుకున్న ముఖానికి ఎదురుగా మువానీ నీళ్లచెంబు పట్టుకుని వాడి దగ్గరికి వెళుతూ కనిపించింది.

ఆ నెల తిరగకుండానే బియాకా ఊరు వదిలాడు. ఎవరూ వెళ్లగొట్టలేదు. సంస్థలో ఉద్యోగం వచ్చింది. మైకులో అభినందనలు కూడా చెప్పారు. జీపు బయల్దేరేటప్పుడు పిల్లలందరూ రోడ్డు మీదికి పరుగెత్తి చేతులూపారు. మువానీ వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుని చప్పుడు మలుపు తిరిగేదాకా విని, "మనం చెప్పకపోయినా పోయారు పీ," అంది. థియాంగీ అల్లం మట్టి దులుపుతున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. జీపు చప్పుడు లోయ అడుగుకు దిగి అణిగిపోయినా ఆమె చెవిలో అణగలేదు.

దుకాణం మీది బోర్డును ఆమె తనే పీకించింది. కెమెరాలు అప్పటికే తీసుకుపోయారు, కప్పు మూలల్లో మేకుల రంధ్రాలు మిగిలాయి. డబ్బా మళ్లీ మామూలు డబ్బా అయింది. జనం కూడా మరిచిపోయారు. జోవా అమ్మ మువానీకి చక్కెరగడ్డలు పెట్టి మరీ ముద్దుచేస్తోంది, ఆనాడు హాల్లో నాలుక చప్పరించినందుకు. అంతా సర్దుకుందని థియాంగీ తనకు తాను చెప్పుకోసాగింది. పిల్ల మళ్లీ కడుపునిండా తింటోంది. దేవుడి బుట్టలో పిడికెళ్లు నిండుగా పడుతున్నాయి. మరీ నిండుగా, రెండు చేతులతో పడుతున్నాయి. ఆమె అది చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఒక పొద్దున్న ఇద్దరూ బుట్టలు వీపున వేసుకుని రోడ్డెక్కారు. మంచు ఇంకా విడలేదు, దుకాణాల దగ్గర నరమానవుడు లేడు. జోవా అమ్మ దుకాణంలో మాగిన జామపండ్లు పరిచి ఉన్నాయి.

"ఒకటి తీసుకోనా పీ?"

"తీసుకో."

నాణెం ఇచ్చి ముందుకు నడిచింది థియాంగీ. పిల్ల అడుగుల చప్పుడు రాకపోయేసరికి వెనక్కి తిరిగింది. మువానీ ఒక చేతిలో పండు పట్టుకుంది. నాణేన్ని డబ్బా మీదికి ఎత్తి పట్టుకుని ఉంది, ఇంకా వెయ్యలేదు. తల ఎత్తి కప్పు మూలకేసి చూసింది. పక్కకు జరిగి, నాణెం అక్కడి నుంచి బాగా కనిపించేలా పట్టుకుని, అప్పుడు వదిలింది. బోర్డు మీద బొమ్మలో ఉన్న నవ్వు నవ్వింది, ఊడిన పళ్లు కనిపించేలా.

థియాంగీ వీపు మీది బుట్ట కిందికి దించింది. దగ్గరికి వెళ్లి పిల్ల గడ్డం పట్టుకుని ముఖాన్ని తనవైపు తిప్పుకుంది.

"ఏం లేదే అక్కడ. తీసుకుపోయారుగా. ఉత్త రంధ్రం, సాలెపురుగు."

"తెలుసు పీ," అంది మువానీ.

తెలుసంటూనే మళ్లీ కప్పు కేసి తిరిగింది. ఖాళీగా ఉన్న రెండో చేతిని పైకెత్తి, వేళ్లు విప్పి, అరచేతిని ఆ మూలకు చూపించింది.